కర్త దొరికితే క్రియ దొరికినట్టే

కర్తను బట్టి క్రియను మార్చడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి: ఒక్క భూతకాలంలోనే ఇన్ని రూపాలు ఆలోచించకుండా వాడేస్తాం. ఇంగ్లీషులో వీటన్నిటికీ కలిపి ‘కేమ్’ ఒక్కటే. అంత తక్కువ మార్పులున్న భాషలో ‘ద లిస్ట్ ఆఫ్ నేమ్స్ ఆర్ రెడీ’ అనే తప్పు ఎందుకు దొర్లుతుంది?

రూల్ తెలియక కాదు, పదాల వరస వల్ల. ‘పేర్ల జాబితా సిద్ధంగా ఉంది’ అన్నప్పుడు అసలు మాట ‘జాబితా’. దాన్ని వివరించే ‘పేర్ల’ అనేది ముందే వచ్చేసింది. తెలుగులో కర్తగా నిలిచే మాటల గుంపు ఎంత పొడవున్నా అసలు నామవాచకం చివరనే ఉంటుంది. ఇంగ్లీషులో ఇది తిరగబడుతుంది. ‘లిస్ట్’ ముందొస్తుంది, ‘ఆఫ్ నేమ్స్’ దాని వెనక చేరి క్రియకు ఆనుకుని నిలబడుతుంది. చివరి మాటను చూసి క్రియ పెట్టే మన అలవాటు ‘నేమ్స్’ దగ్గర ఆగి, ‘ఈజ్’ రావాల్సిన చోట ‘ఆర్’ రాయిస్తుంది. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు తడబడేది కూడా ఎక్కువగా ఇక్కడే. కాబట్టి పాతిక రూల్స్ బట్టీ పట్టే ముందు, కర్తలోని అసలు మాటను పట్టుకోవడం నేర్చుకోవాలి. చాలా తప్పులు దాంతోనే పోతాయి.

ముందు, ఇంగ్లీషు క్రియ ఎక్కడెక్కడ మారుతుందో చూద్దాం. చోట్లు చాలా తక్కువ. వర్తమానంలో హీ, షీ, ఇట్ అని పిలవదగ్గ ఏకవచన కర్త వస్తే క్రియకు ‘ఎస్’ చేరుతుంది: ‘షీ రైట్స్’. ‘హావ్’ కాస్తా ‘హాజ్’ అవుతుంది, ‘డూ’ కాస్తా ‘డజ్’ అవుతుంది. ‘బీ’ ఒక్కటే ఎక్కువ రూపాలు మారుస్తుంది: ఆమ్, ఈజ్, ఆర్. భూతకాలంలో కూడా మారేది అదొక్కటే: వాజ్, వర్. కెన్, విల్, మస్ట్, షుడ్ లాంటివి ఎవరికోసమూ మారవు, వాటి తర్వాత వచ్చే క్రియా మారదు. ‘హీ కెన్ స్పీక్స్’, ‘షీ మస్ట్ హాజ్’ రెండూ తప్పే. ‘హీ డజంట్ నోస్’ కూడా తప్పే, ఎందుకంటే ఆ ‘ఎస్’ ఒక్కసారే పడాలి. ‘డజ్’ దాన్ని మోసేసింది కాబట్టి అసలు క్రియ మామూలుగా ‘నో’ అనే ఉండాలి. ప్రశ్నలోనూ అంతే: ‘డజ్ హీ నో’.

నామవాచకానికి ‘ఎస్’ ఉంటే క్రియకు ఉండదు, క్రియకు ఉంటే నామవాచకానికి ఉండదు అనే కిటుకు చాలామంది చెబుతారు. ‘ద బాయ్ రన్స్, ద బాయ్స్ రన్’ వరకూ అది పనిచేస్తుంది. ‘చిల్డ్రన్’, ‘న్యూస్’ లాంటి మాటలు వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. మొదటి వారం వాడుకుని వదిలేయాల్సిన కిటుకు అది.

అసలు మాటను పట్టుకునే పద్ధతి ఇది. ముందు క్రియను గుర్తించండి. ‘ఎవరు?’ లేదా ‘ఏది?’ అని దాన్ని అడగండి. జవాబుగా వచ్చిన మాటల గుంపులో ఆఫ్, ఇన్, ఆన్, ఫర్, విత్, బిట్వీన్ లాంటి వాటితో మొదలయ్యే ముక్కల్నీ, హూ, విచ్, దట్ తో మొదలయ్యే ముక్కల్నీ కొట్టేయండి. మిగిలినదే కర్త. ‘ద క్వాలిటీ ఆఫ్ ద ఫోటోస్’లో ‘ఆఫ్ ద ఫోటోస్’ కొట్టేస్తే ‘క్వాలిటీ’ మిగులుతుంది, కాబట్టి ‘ఈజ్ పూర్’. ‘ద రీజన్స్ ఫర్ ద డిలే’లో ‘రీజన్స్’ మిగులుతుంది, కాబట్టి ‘ఆర్ క్లియర్’. ‘ద బుక్స్ దట్ మై సిస్టర్ బాట్’లో మిగిలేది ‘బుక్స్’, కాబట్టి ‘ఆర్ ఆన్ ద షెల్ఫ్’. సిస్టర్ ఒక్కతే అయినా ఆమె ‘బాట్’ అనే క్రియకు కర్త, ‘ఆర్’కు కాదు.

అలాంగ్ విత్, టుగెదర్ విత్, యాజ్ వెల్ యాజ్, ఇన్ అడిషన్ టు, ఇంక్లూడింగ్ కూడా ఈ కొట్టేసే జాబితాలోనివే. ‘ద మేనేజర్, అలాంగ్ విత్ హర్ అసిస్టెంట్స్, ఈజ్ కమింగ్’ సరైనది. అర్థంలో ఐదుగురు వస్తున్నా సరే, ‘అండ్’ చేసే పని ఇవి చేయవు. ‘అండ్’ ఇద్దరినీ కర్త స్థానంలో కూర్చోబెడుతుంది, ఇవి రెండోవాళ్ళను పక్కన నిలబెడతాయి. ఇక్కడ ‘ఈజ్’ చెవికి ఎబ్బెట్టుగా ఉంటే రూల్‌తో కుస్తీ పట్టకండి, ‘ద మేనేజర్ అండ్ హర్ అసిస్టెంట్స్ ఆర్ కమింగ్’ అని రాసేయండి.

క్రియ వెనక వచ్చే మాటను చూసి కూడా మోసపోకూడదు. ‘ద మెయిన్ ప్రాబ్లమ్ ఈజ్ ద డిలేస్’ సరైనదే. క్రియ తన ముందున్న ‘ప్రాబ్లమ్’ మాటే వింటుంది. తిప్పి రాస్తే ‘ద డిలేస్ ఆర్ ద మెయిన్ ప్రాబ్లమ్’ అవుతుంది.

‘వన్ ఆఫ్’ దగ్గర రెండు తప్పులకు చోటుంది. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ మొదటిది. చాలామందిలో ఒకరు కాబట్టి ‘ఫ్రెండ్స్’ అనే ఉండాలి. ఆ ‘ఫ్రెండ్స్’ను చూసి ‘ఆర్’ రాయడం రెండోది. కర్త ‘వన్’ కాబట్టి ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్ ఎ లాయర్’. కానీ దీని వెనక ‘హూ’ వచ్చిందంటే లెక్క మారుతుంది. ‘షీ ఈజ్ వన్ ఆఫ్ దోజ్ డాక్టర్స్ హూ లిజన్ టు పేషెంట్స్’ అనే వాక్యంలో ‘హూ’ ఎవరిని పట్టుకుంది? ‘దోజ్ డాక్టర్స్’ను. రోగుల మాట వినే డాక్టర్లు కొందరున్నారు, వాళ్ళలో ఈమె ఒకరు. అందుకే ‘లిజన్’. ‘షీ ఈజ్ ద ఓన్లీ వన్ ఆఫ్ దోజ్ డాక్టర్స్ హూ లిజన్స్’ అన్నప్పుడు వినేది ఒక్కరే, కాబట్టి ‘లిజన్స్’. మొదటి రకంలో ఏకవచనం వాడే మంచి రచయితలూ ఉన్నారు, పరీక్షల్లో మాత్రం బహువచనమే అడుగుతారు. ‘హూ’కు సొంతంగా వచనం గానీ పురుష గానీ లేదు, ముందున్న మాట దగ్గర అరువు తెచ్చుకుంటుంది. ‘ఇట్ ఈజ్ ఐ హూ ఆమ్ రెస్పాన్సిబుల్’ అనే వాక్యం వింతగా వినిపించినా సరైనది కావడానికి కారణం అదే.

ఇక, ‘ఆఫ్’ తర్వాతది కొట్టేయకూడని చోట్లున్నాయి. పరిమాణం చెప్పే మాటలు వచ్చినప్పుడు దాని తర్వాతి నామవాచకాన్నే చూడాలి: మోస్ట్ ఆఫ్, సమ్ ఆఫ్, ఆల్ ఆఫ్, హాఫ్ ఆఫ్, భిన్నాలు, శాతాలు. ‘టూ థర్డ్స్ ఆఫ్ ద వర్క్ ఈజ్ డన్’, కానీ ‘టూ థర్డ్స్ ఆఫ్ ద వర్కర్స్ ఆర్ హియర్’. ‘నన్ ఆఫ్’ కూడా ఈ కోవలోకే వస్తుంది. ‘నన్ ఆఫ్ ద ఇన్ఫర్మేషన్ ఈజ్ న్యూ’ అనే రాయాలి గానీ, ‘నన్ ఆఫ్ ద స్టూడెంట్స్’ తర్వాత ‘ఈజ్’ అయినా ‘ఆర్’ అయినా తప్పు కాదు. ఈచ్ ఆఫ్, ఐదర్ ఆఫ్, నైదర్ ఆఫ్ మాత్రం వేరే గుంపు. ఇవి ఒక్కొక్కరిని విడివిడిగా చూస్తాయి కాబట్టి రాతలో ఏకవచనమే: ‘ఈచ్ ఆఫ్ ద స్టూడెంట్స్ హాజ్ ఎ కాపీ’. అదే ‘ఈచ్’ కర్త వెనక్కి వెళ్తే పట్టు కోల్పోతుంది: ‘ద స్టూడెంట్స్ ఈచ్ హావ్ ఎ కాపీ’. ఇక్కడ కర్త ‘స్టూడెంట్స్’.

‘ఎ నంబర్ ఆఫ్’ అంటే ‘కొందరు, చాలా’ అని, కాబట్టి బహువచనం: ‘ఎ నంబర్ ఆఫ్ పీపుల్ వర్ వెయిటింగ్’. ‘ద నంబర్ ఆఫ్’ అంటే ‘ఆ సంఖ్య’ అని, కాబట్టి ఏకవచనం: ‘ద నంబర్ ఆఫ్ పీపుల్ వాజ్ స్మాల్’.

ఇప్పటిదాకా చెప్పినదంతా రూపానికి సంబంధించింది. నిజానికి ఇంగ్లీషు క్రియ మీద మూడు బలాలు పనిచేస్తాయి: కర్త రూపం, కర్త అర్థం, క్రియకు దగ్గరగా ఏముందన్నది. వివాదాలన్నీ ఈ మూడూ ఒక దారిన నడవని చోటే పుడతాయి.

‘టీమ్’, ‘కమిటీ’, ‘గవర్నమెంట్’, ‘ఫ్యామిలీ’ రూపంలో ఒకటి, అర్థంలో చాలామంది. అమెరికన్ ఇంగ్లీషు రూపం వైపు మొగ్గి దాదాపు ఎప్పుడూ ‘ఈజ్’ అంటుంది. బ్రిటిష్ ఇంగ్లీషు రెండింటినీ ఒప్పుకుంటుంది. క్రికెట్ కామెంటరీలో ‘ఇంగ్లండ్ ఆర్ బ్యాటింగ్’ అని వినిపించడానికి కారణం అది: దేశం ఒకటే అయినా ఆడేది పదకొండు మంది. రెండిట్లో ఏది ఎంచుకున్నా ఫర్వాలేదు, ఒకే వ్యాసంలో అటూ ఇటూ మారకూడదు. ‘పోలీస్’, ‘పీపుల్’, ‘క్యాటిల్’ విషయంలో ఈ స్వేచ్ఛ లేదు. వాటికి ‘ఎస్’ కనిపించకపోయినా బహువచనమే: ‘ద పోలీస్ ఆర్ ఆన్ ద వే’. ఒక్కరి గురించి చెప్పాలంటే ‘ఎ పోలీస్ ఆఫీసర్ ఈజ్’ అనాలి.

దూరం, కాలం, డబ్బు మొత్తాలను ఒకే ముద్దగా చూస్తే ఏకవచనం: ‘టెన్ కిలోమీటర్స్ ఈజ్ ఎ లాంగ్ వాక్’. సంవత్సరాలు ఒక్కొక్కటిగా గడవడం గురించి మాట్లాడితే బహువచనం: ‘టెన్ ఇయర్స్ హావ్ పాస్డ్’. ఇక్కడ గెలిచింది అర్థం. ‘మోర్ దాన్ వన్ పర్సన్ హాజ్ కంప్లెయిన్డ్’లో మాత్రం రూపం గెలిచింది. ఒకరికంటే ఎక్కువంటే కనీసం ఇద్దరు, అయినా పక్కనున్న ‘వన్ పర్సన్’ ఏకవచనాన్ని లాక్కుంది. ‘మెనీ ఎ స్టూడెంట్ హాజ్ ఫెయిల్డ్’ కూడా అంతే.

‘ఎవ్రీవన్’ దగ్గర మనకు తెలుగే అడ్డొస్తుంది. ‘అందరూ వచ్చారు’ అని బహువచనంలో ఆలోచించి ‘ఎవ్రీవన్ హావ్ కమ్’ రాసేస్తాం. ఇంగ్లీషులో ఎవ్రీవన్, ఎవ్రీబడీ, సమ్‌వన్, ఎనీవన్, నోబడీ అన్నీ ఏకవచనాలే: ‘ఎవ్రీవన్ హాజ్ కమ్’. ‘ఆల్’ వాడితే మాత్రం ‘ఆల్ హావ్ కమ్’. పాలు, నీళ్ళు, డబ్బులు కూడా ఇలాంటివే. తెలుగులో ‘పాలు పొంగాయి, నీళ్ళు వచ్చాయి’ అంటాం. ఇంగ్లీషులో మిల్క్, వాటర్, మనీ లెక్కపెట్టలేనివి, కాబట్టి ‘ఈజ్’. ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్, ఎక్విప్‌మెంట్, లగేజ్, అడ్వైస్, హోంవర్క్ కూడా అంతే. వీటికి అసలు ‘ఎస్’ చేరదు. ‘ఫర్నిచర్స్ ఆర్’ అంటే ఒకే చోట రెండు తప్పులు. లెక్క చెప్పాల్సి వస్తే ముందు ‘పీస్ ఆఫ్’ పెట్టాలి, అప్పుడు క్రియ ఆ ‘పీస్’ను అనుసరిస్తుంది: ‘టూ పీసెస్ ఆఫ్ ఫర్నిచర్ ఆర్ బ్రోకెన్’. దీనికి ఎదురు రకం ‘న్యూస్’, ‘మాథమాటిక్స్’, ‘ఫిజిక్స్’, ‘మీజిల్స్’: చివర ‘ఎస్’ ఉన్నా ఏకవచనాలు. ‘సిజర్స్’, ‘ట్రౌజర్స్’ ఒక్కటే ఉన్నా ‘ఆర్’, ముందు ‘ఎ పెయిర్ ఆఫ్’ చేరిస్తే ‘ఈజ్’.

దగ్గరతనం రాజ్యమేలేది ‘లేదా’ అనే అర్థమిచ్చే ‘ఆర్’, ‘ఐదర్ ఆర్’, ‘నైదర్ నార్’ దగ్గర. ఇక్కడ రూల్ సూటిగానే ఉంది: క్రియకు దగ్గరగా ఉన్నదాన్ని చూడు. ‘నైదర్ ద టీచర్ నార్ ద స్టూడెంట్స్ వర్ రెడీ’, తిప్పితే ‘నైదర్ ద స్టూడెంట్స్ నార్ ద టీచర్ వాజ్ రెడీ’. రెండూ సరైనవే గానీ రెండోది చదవడానికి ఇబ్బంది పెడుతుంది. బహువచనాన్ని ఎప్పుడూ రెండో స్థానంలో పెట్టండి. ‘ఐదర్ యూ ఆర్ ఐ ఆమ్ రాంగ్’ వంటివి వ్యాకరణానికి నిలుస్తాయి గానీ వినడానికి బాగుండవు. ‘ఐదర్ యూ ఆర్ రాంగ్ ఆర్ ఐ ఆమ్’ అని రెండు క్రియలుగా విడగొడితే గొడవ వదులుతుంది.

‘అండ్’ కలిపితే బహువచనం. ఆ రెండు పేర్లూ ఒకే మనిషివైతే ఏకవచనం, ఆ తేడాను చెప్పేది ఆర్టికల్. ‘ద సెక్రటరీ అండ్ ట్రెజరర్ ఈజ్ అబ్సెంట్’ అంటే రెండు పదవులూ ఒకరివే. ‘ద సెక్రటరీ అండ్ ద ట్రెజరర్ ఆర్ అబ్సెంట్’ అంటే ఇద్దరు మనుషులు. ముందు ‘ఎవ్రీ’ వస్తే ఎన్ని ‘అండ్’లు ఉన్నా ఏకవచనమే: ‘ఎవ్రీ బాయ్ అండ్ గర్ల్ హాజ్ ఎ సీట్’.

ప్రశ్నల్లోనూ, ‘దేర్’తో మొదలయ్యే వాక్యాల్లోనూ కర్త క్రియ వెనకుంటుంది. ‘వేర్ డజ్ యువర్ పేరెంట్స్ లివ్’ తప్పు, ‘పేరెంట్స్’ ఇద్దరు కాబట్టి ‘డూ’. ‘దేర్ ఆర్ త్రీ రీజన్స్’ అని రాయాలి. మాటల్లో ‘దేర్స్ త్రీ రీజన్స్’ అని ఇంగ్లీషువాళ్ళూ అంటారు, రాతలోకి తేకండి. ‘అండర్ ద టేబుల్ వర్ టూ బాక్సెస్’లో టేబుల్‌కు క్రియతో సంబంధం లేదు. ‘ఇంగ్’తో మొదలయ్యే పని కర్త అయితే ఏకవచనం: ‘రీడింగ్ ఓల్డ్ లెటర్స్ టేక్స్ టైమ్’. ఇక ‘ఇఫ్ ఐ వర్ యూ’, ‘ఐ సజెస్ట్ దట్ హీ గో’ లాంటివి చూసి తప్పు దిద్దబోకండి. ఊహ, సూచన చెప్పేటప్పుడు ఇంగ్లీషు ఈ మామూలు లెక్కలను పక్కన పెడుతుంది.

సర్వనామాల సంగతికి వస్తే, అవి తమ ముందున్న నామవాచకంతో వచనంలో, పురుషలో, లింగంలో కలవాలి. హిజ్, హర్ ఎంచుకునేది సొంతదారును బట్టి, సొంతమైనదాన్ని బట్టి కాదు: ‘షీ కాల్డ్ హర్ ఫాదర్’. క్రియ దగ్గర తీసుకున్న నిర్ణయం సర్వనామం దగ్గర మారకూడదు. ‘ద కమిటీ హాజ్ సబ్మిటెడ్ దెయిర్ రిపోర్ట్’లో మొదటి సగం ఏకవచనం, రెండో సగం బహువచనం. ‘హాజ్’ అంటే ‘ఇట్స్’, ‘హావ్’ అంటే ‘దెయిర్’. మన గౌరవవాచకాలు కూడా ఇక్కడ ఇరికిస్తాయి. పెద్దవారిని ‘వారు చెప్పారు’ అంటాం గానీ, ఇంగ్లీషులో గౌరవం కోసం ఒక్కరిని ‘దే’ అనరు, ‘హీ సెడ్’ లేదా ‘షీ సెడ్’ అనాల్సిందే.

‘ఎవ్రీవన్ షుడ్ బ్రింగ్’ తర్వాత హిజ్ రావాలా, దెయిర్ రావాలా? దీనిమీద జరిగినంత వాదన మరో దానిమీద జరగలేదేమో. ఏకవచనానికి ‘దే’ వాడటం 14వ శతాబ్దం నుంచే ఇంగ్లీషులో ఉంది. 18వ శతాబ్దపు వ్యాకరణవేత్తలు దాన్ని తప్పుబట్టి ‘హీ’యే వాడాలన్నారు. 1850లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన ఒక చట్టం, చట్టాల్లో పురుషవాచకం వాడితే స్త్రీలు కూడా అందులో ఉన్నట్టేనని తేల్చింది. ఇప్పుడు గాలి మళ్ళీ పాత వైపే వీస్తోంది. 2019లో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు సంస్థ ‘దే’ను ఆ ఏటి మాటగా ఎంచుకుంది. నా మటుకు ‘ఎవ్రీవన్ షుడ్ బ్రింగ్ దెయిర్ ఓన్ పెన్’ సరైన, సహజమైన ఇంగ్లీషు. సగం మందిని వదిలేసే ‘హిజ్’ కన్నా, నాలుగుసార్లు రాస్తే విసుగొచ్చే ‘హిజ్ ఆర్ హర్’ కన్నా ఇది మేలు. పాత పద్ధతి పరీక్ష రాస్తున్నారా, అయితే కర్తనే బహువచనం చేసేయండి: ‘ఆల్ స్టూడెంట్స్ షుడ్ బ్రింగ్ దెయిర్ ఓన్ పెన్స్’. దీన్ని ఎవరూ తప్పు పట్టలేరు.

ఒక్కరి గురించే అయినా ‘దే’ పక్కన ‘ఆర్’ వస్తుంది, ‘ఈజ్’ రాదు. దీనికి పోలిక ‘యూ’లోనే ఉంది. అది మొదట బహువచనమే. ఒక్కరితో ‘దౌ’ అనేవాళ్ళు. మన ‘మీరు’ లాగే ‘యూ’ కూడా మర్యాద కోసం ఒక్కరికీ వాడుకలోకి వచ్చి, చివరికి ‘దౌ’ను తోసేసింది. అందుకే ఎదుట ఒక్కరే ఉన్నా ‘యూ ఆర్’.

పురుష మారిపోవడం ఇంకో జబ్బు. ‘ఇఫ్ ఎ స్టూడెంట్ వాంట్స్ ఎ సర్టిఫికెట్, యూ మస్ట్ అప్లై’ అనే వాక్యం స్టూడెంట్‌తో మొదలై చదివేవారి మీదికి దూకింది. ‘దే మస్ట్ అప్లై’ అనాలి, లేదా మొదటి నుంచీ ‘ఇఫ్ యూ వాంట్’ అని నడపాలి. ‘వన్’తో మొదలుపెడితే బ్రిటిష్ పద్ధతిలో చివరిదాకా ‘వన్’, ‘వన్స్’ అనే సాగాలి.

వచనం, లింగం కలిసినా సర్వనామం ఎవరిదో తేలని చోట్లుంటాయి. తెలుగులో ‘రవి కిరణ్‌తో తన ఫైలు పోయిందని చెప్పాడు’ అంటే ‘తన’ మామూలుగా రవి వైపే చూపిస్తుంది. కిరణ్ ఫైలైతే ‘అతని’ అనో ‘నీ ఫైలు’ అనో అంటాం. ఇంగ్లీషులో ‘రవి టోల్డ్ కిరణ్ దట్ హిజ్ ఫైల్ వాజ్ మిస్సింగ్’ అంటే ఎవరి ఫైలైనా కావచ్చు. పేరు మళ్ళీ రాయండి, లేకపోతే మాటల్ని ఉన్నవున్నట్టు ఇవ్వండి: రవి సెడ్ టు కిరణ్, ‘యువర్ ఫైల్ ఈజ్ మిస్సింగ్’. ఒక పేరాలో ‘దిస్’, ‘ఇట్’ రెండు వాక్యాల వెనకున్న దేన్నో చూపిస్తున్నప్పుడు కూడా ఇదే మందు: ‘దిస్ డిలే’, ‘దిస్ రూల్’ అని పక్కన నామవాచకం చేర్చండి.

రాసినదాన్ని దిద్దేటప్పుడు మొదటి నుంచి చివరికి చదివితే అర్థం మనల్ని లాక్కుపోతుంది, తప్పులు కంటికి ఆనవు. అందుకే కంప్యూటర్‌లో వెతికే సదుపాయం వాడుకోండి. ముందు ‘వన్ ఆఫ్’, తర్వాత ‘దేర్ ఈజ్’, ‘ఎవ్రీ’, ‘ఈచ్’, ‘హూ’, ‘యాజ్ వెల్ యాజ్’ వరసగా వెతికి, ప్రతి చోటా కర్తను వేలితో చూపించగలరో లేదో చూడండి. క్రియలన్నీ అయ్యాకే ‘దెయిర్’, ‘ఇట్స్’ వైపు వెళ్ళండి. ముందే సర్వనామాలు దిద్దుకుంటే, తర్వాత ‘హావ్’ను ‘హాజ్’ చేసిన ప్రతి చోటా వాటిని మళ్ళీ దిద్దాల్సి వస్తుంది.